శిక్ష అయిపోయింది, జెర్సీ తిరిగి ఇవ్వొచ్చా?

పల్నాడు నుంచి ఒక కబడ్డీ కోచ్ ఉత్తరం రాశారు. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ పొద్దున్నా సాయంత్రం ఊరి గ్రౌండ్‌లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఆట నేర్పుతున్నారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది. అందులోని సంగతి ఇది.

ఎనిమిదో తరగతిలో ఆయన దగ్గర చేరిన ఒక తండ్రిలేని కుర్రాడు మంచి రైడర్ అయ్యాడు. బూట్లు కొనిపెట్టిందీ, సెలక్షన్లకు తన ఖర్చుతో తిప్పిందీ ఈ మాస్టారే. ఆ అబ్బాయికి స్పోర్ట్స్ కోటాలో ప్రభుత్వోద్యోగం వచ్చింది, తర్వాత ప్రొఫెషనల్ టీమ్‌లో చోటు దొరికింది. అదే ఊళ్లో బట్టలు కుట్టే అమ్మాయితో పెళ్లి అయింది. మాస్టారే దగ్గరుండి జరిపించారు. పెళ్లయిన నాలుగో ఏడు ఒక రాత్రి అతను ఆమె కుడిచెయ్యి మెలితిప్పి గోడకేసి కొట్టాడు. ముంజేతి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అంతకుముందు కూడా కొట్టేవాడని కేసులో రుజువైంది. రాజీ పడమని పెద్దమనుషులు ఎంత చెప్పినా ఆమె వినలేదు. భార్యను హింసించినందుకు, తీవ్రంగా గాయపరిచినందుకు పాత ఐపీసీ 498ఎ, 325 సెక్షన్ల కింద రెండేళ్ల శిక్ష పడింది, సెషన్స్ కోర్టులో అప్పీలూ వీగిపోయింది. ఉద్యోగం పోయింది, విడాకులూ అయిపోయాయి. శిక్ష పూర్తిచేసుకుని వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడతనికి ఇరవై తొమ్మిది.

ఒక ప్రొఫెషనల్ టీమ్ అతన్ని తీసుకుంటానంటోంది. కాకపోతే చిన్నప్పటి కోచ్ దగ్గర నుంచి సత్ప్రవర్తన ఉత్తరం తెమ్మంది. అతని తల్లి రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుంటోంది. మాస్టారి భార్య మాత్రం ఆ కాగితం ఇంట్లోకి రానివ్వనంటోంది. అసలు చిక్కు వేరే ఉంది. దెబ్బ తిన్న అమ్మాయి చెల్లెలు, ఇంటర్ చదువుతున్న పిల్ల, మాస్టారి దగ్గరే కార్నర్ స్థానంలో కబడ్డీ ఆడుతుంది. జూనియర్ సెలక్షన్లు దగ్గరకొచ్చాయి. మొన్నొక సాయంత్రం అతను మాస్టారిని కలవడానికి గ్రౌండ్‌కు వచ్చాడు. బైకు ఆగిన చప్పుడుకు ఆ పిల్ల వార్మప్ మధ్యలో ఆపేసి నీళ్ల డ్రమ్ము వెనక్కి వెళ్లి నిలబడింది. మాస్టారు పిలిస్తే "మోకాలు పట్టేసింది సార్" అంది. అతను వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు.

"మ్యాట్ మీద అతను ఒక్కనాడూ హద్దు దాటలేదు. ఎల్లో కార్డు కూడా ఎరగడు. ఆ రాత్రి మందు వల్ల జరిగిపోయింది. ఇప్పుడు మందు మానేశాడు. శిక్ష అనుభవించాడు. ఇంకా ఎన్నాళ్లు వెలివేస్తాం? కానీ ఈ పిల్ల ముఖం చూస్తే చెయ్యి ఆడటం లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

మాస్టారూ,

ముందు ఒక ముడి విప్పుకుందాం. అతను మళ్లీ ఆడొచ్చా అన్నది ఒక ప్రశ్న. అతని తరఫున నేను పూచీ పడొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. మీరు రెండూ కలిపి నెత్తిన పెట్టుకున్నారు. మొదటిది మీ చేతిలో లేదు. మీరు రాయకపోయినా ఆ టీమ్ అతన్ని తీసుకోవచ్చు, మీరు రాసినా వదిలెయ్యొచ్చు. రెండోది మాత్రం పూర్తిగా మీదే.

మొదటిదాని మీద నా అభిప్రాయం దాచను. కోర్టు వేసిన శిక్ష పూర్తిగా అనుభవించిన మనిషికి పని చేసుకుని బతికే హక్కు ఉంది. జైలు నుంచి వచ్చినవాడికి అన్ని తలుపులూ మూసేస్తే అతను మారాల్సిన అవసరమే లేకుండా పోతుంది. దానివల్ల అతని మాజీ భార్యకు గానీ, రేపు అతని జీవితంలోకి వచ్చే ఇంకో అమ్మాయికి గానీ ఒరిగేదేమీ లేదు. ప్రభుత్వోద్యోగం సంగతి వేరు. క్రిమినల్ కేసులో శిక్ష పడిన ఉద్యోగిని శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించడానికి రాజ్యాంగంలోని 311వ అధికరణమే వీలిస్తుంది. ప్రైవేటు టీమ్‌లో ఆడకూడదని మాత్రం మన చట్టం ఎక్కడా చెప్పదు. బ్రిటన్‌లో 1974లో తెచ్చిన చట్టం ఒకటుంది. చిన్న శిక్షలైతే, కొన్నేళ్లు ఏ నేరమూ చెయ్యకుండా ఉంటే, ఆ పాత కేసు గురించి చాలా ఉద్యోగాల్లో చెప్పనక్కర్లేదు. మన దగ్గర అందరికీ వర్తించే అలాంటి చట్టం లేదు. ఎన్నాళ్లు ఆగాలి, ఏం చేసి చూపించాలి అన్నది ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టే ఆ భారం మీలాంటి వాళ్లు రాసే ఒక్క కాగితం మీద పడుతోంది.

అయితే ఒకటి గమనించండి. అతన్ని రైసు మిల్లులో పనికి పెట్టుకునేవాళ్లెవరూ మిమ్మల్ని ఉత్తరం అడిగి ఉండరు. ఈ టీమ్ అడుగుతోందంటే తాము ఇస్తున్నది కూలి ఒక్కటే కాదని వాళ్లకు తెలుసు. టీవీలో పేరు పిలుస్తారు, ఫ్లెక్సీల మీద ఫొటో వేస్తారు, బయట పిల్లలు సెల్ఫీల కోసం ఎగబడతారు. బతుకుదెరువు హక్కు కావచ్చు, ఈ గౌరవం హక్కు కాదు. అది సంపాదించుకోవాలి, పోగొట్టుకుంటే మళ్లీ మొదటి నుంచీ సంపాదించుకోవాలి. అతను ఆ పని మొదలుపెట్టాడా లేదా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

మీరు అతని తరఫున చెప్పిన మాటే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. మ్యాట్ మీద ఎప్పుడూ హద్దు దాటలేదన్నారు. కబడ్డీ గురించి నేను మీకు చెప్పేదేముంది? కూతకు వెళ్లినవాణ్ని ఆరేడుగురు చుట్టుముట్టి మడమలు పట్టి లాగుతారు, నడుం పట్టి ఎత్తి కింద పడేస్తారు, డ్యాష్ కొట్టి గీత అవతలికి నెడతారు. ఒంట్లో రక్తం మరిగిపోయే ఆ క్షణంలో కూడా అతను ఒకరిని గుద్దలేదు, రిఫరీని తిట్టలేదు. అంటే కోపం అదుపు చేసుకోవడం అతనికి బాగా వచ్చు. మీరే నేర్పారు. ఎక్కడ చెయ్యెత్తితే ఆట పోతుందో అతనికి తెలుసు. ఇంట్లో చెయ్యెత్తితే ఏమీ పోదనుకున్నాడు. తాగి ఉన్న రాత్రుల్లో కూడా అతను మేనేజర్ని కొట్టలేదు, తోటి ఆటగాణ్ని కొట్టలేదు, భార్యనే కొట్టాడు. అందుకని మందు మానేశాడన్న మాట ఒక్కటే నాకు చాలదు. మందు మానడం మంచిదే. కానీ భార్యను కొట్టొచ్చన్న నమ్మకం మందు సీసాలోంచి రాలేదు. అది పోయిందా లేదా అన్నది వేరే చూసుకోవాలి.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో అతని కెరీర్ గురించి ఎన్నో వాక్యాలున్నాయి. ఇరవై తొమ్మిది దాటితే రైడర్‌కు ఇంకెన్ని సీజన్లుంటాయి, ఇప్పుడు పోతే మళ్లీ రాదు అని రాశారు. నిజమే. ఆమె గురించి మాత్రం ఒకే వాక్యం ఉంది, ఇప్పుడు కత్తెర ఎక్కువసేపు పట్టుకోలేకపోతోందట. ఆమెదీ చేతి పనే కదా మాస్టారూ. జాకెట్టు కుట్టాలంటే బట్ట పరిచి, కొలత గీసి, మణికట్టు తిప్పుతూ కత్తిరించాలి. ప్లేటు వేసిన ముంజేయి ఎంతసేపని ఓర్చుకుంటుంది? పెళ్లిళ్ల సీజనులో వచ్చిన బట్టల్ని ఆమె వెనక్కి పంపుతుంటే ఎవరైనా కూర్చుని ఆలోచించారా? ఆమె పని మళ్లీ ఎలా మొదలవ్వాలో అడగకుండా అతని ఆట మళ్లీ ఎలా మొదలవ్వాలో మాట్లాడుకోవడం నాకు మనసొప్పదు. కోర్టు మనోవర్తి గానీ పరిహారం గానీ ఇమ్మని ఉంటే, అది బాకీ లేకుండా కట్టాడా? అతన్ని మీరడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నేననుకుంటాను.

ఇలాంటి చిక్కు మన ఊళ్లో మాత్రమే వచ్చింది కాదు. నెదర్లాండ్స్ బీచ్ వాలీబాల్ ఆటగాడు స్టీవెన్ వాన్ డె వెల్డె 2014లో ఇంగ్లండ్‌లో పన్నెండేళ్ల పిల్ల మీద అత్యాచారం చేశాడు. 2016లో అక్కడి కోర్టు 4 ఏళ్ల శిక్ష వేసింది. కొన్నాళ్లు అక్కడ జైల్లో ఉన్నాక సొంత దేశానికి మార్చారు, మొత్తం మీద ఏడాదికి కాస్త అటూ ఇటూగా బయటికొచ్చాడు. మళ్లీ ఆట మొదలుపెట్టి 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వచ్చాడు. శిక్ష అయిపోయింది, నిపుణుల పర్యవేక్షణలో తిరిగొచ్చాడు అన్నది వాళ్ల సమాఖ్య వాదన. అయినా అతన్ని క్రీడాగ్రామంలో ఉంచలేదు, మీడియాతో మాట్లాడనివ్వలేదు. ఆడటానికి దిగినప్పుడు ప్రేక్షకుల్లోంచి నిరసన అరుపులు వినిపించాయి. నా దృష్టిలో ఒలింపిక్స్ బతుకుదెరువు కిందికి రాదు, అది దేశం ఇచ్చే గౌరవం. ఆ గౌరవం ఇచ్చేటప్పుడు ఆ పిల్ల ఎక్కడో కూర్చుని ఇది చూస్తుందన్న ఆలోచన ఉండాల్సింది.

తొందరపడి ముద్ర వెయ్యకూడదని చెప్పే ఉదాహరణా ఉంది. నేపాల్ స్పిన్నర్ సందీప్ లామిఛానేకు అత్యాచారం కేసులో 2024 జనవరిలో కాఠ్మాండు జిల్లా కోర్టు 8 ఏళ్ల శిక్ష వేసింది. అదే ఏడు మే నెలలో పాటన్ హైకోర్టు నిర్దోషి అంది, జూన్‌కల్లా టీ20 ప్రపంచకప్‌లో ఆడాడు. అంతకుముందు 2023లో, విచారణ సాగుతుండగానే బోర్డు అతన్ని జట్టులోకి తీసుకుంటే స్కాట్లండ్, నమీబియా ఆటగాళ్లు అతనితో చెయ్యి కలపలేదు. అప్పీలు ఇంకా నడుస్తున్న కేసుల్లో ఏది న్యాయమో చెప్పడం చాలా కష్టం. మీ శిష్యుడి విషయంలో ఆ సందేహం లేదు. అప్పీలు కూడా అయిపోయింది, తీర్పు ఖాయం. కాబట్టి "నిజంగా చేశాడో లేదో" అని ఊళ్లో ఎవరైనా సాగదీస్తే మీరు ఆ మాటను అక్కడే ఆపెయ్యాలి.

బాక్సర్ మైక్ టైసన్‌కు 1992లో అత్యాచారం కేసులో శిక్ష పడింది. 1995 మార్చిలో బయటికొచ్చి ఆగస్టుకల్లా లాస్ వెగాస్‌లో కోట్ల డాలర్ల పోటీ ఆడేశాడు. తాను చెయ్యలేదనే ఎప్పుడూ అంటూ వచ్చాడు. 2022లో మన తెలుగు హీరో సినిమాలోనూ కనిపించాడు. ఆ పోస్టర్లు చూసినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. పేరున్నవాడికి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, అతను మారాడో లేదో అడిగే మనిషి దారిలో ఒక్కరూ ఉండరు. మీ విషయంలో అలా అడగగల మనిషి ఉన్నారు. అది మీరే.

అమెరికా బేస్‌బాల్ లీగ్ 2015లో ఆటగాళ్ల సంఘంతో కలిసి గృహహింస మీద ఒక విధానం తెచ్చుకుంది. సస్పెన్షన్‌తో పాటు నిపుణులు ఆటగాణ్ని పరీక్షించి చికిత్స, కౌన్సెలింగ్ ప్రణాళిక రాస్తారు, ఆటగాడు దాన్ని పాటించాలి. అందులో లోపాలు లేకపోలేదు. కానీ "ఎన్నాళ్లు" అని మాత్రమే అడగకుండా "ఈలోగా ఏం చేశాడు" అని కూడా అడిగే పద్ధతి అది. మీరూ అదే అడగండి.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

టీమ్ కోరినట్టు "సత్ప్రవర్తన గలవాడు" అని రాసి సంతకం పెట్టడం ఒకటి. తల్లి కన్నీళ్లు ఆగుతాయి, అతనికి కాంట్రాక్టు దొరుకుతుంది. కానీ మీరు చూసింది గ్రౌండ్ మీది ప్రవర్తన, పూచీ ఇచ్చేది ఇంటి ప్రవర్తనకు. రేపు ఇంకో అమ్మాయి చెయ్యి విరిగితే ఆ కాగితం మీ పేరుతో బయటికొస్తుంది. అంతకన్నా ముందు మీ దగ్గర ఆడే ఆడపిల్లల తల్లిదండ్రులు ఆ కాగితం గురించి వింటారు. ఊళ్లల్లో ఆడపిల్లను నిక్కరుతో గ్రౌండ్‌కు పంపించేలా ఒక తండ్రిని ఒప్పించడానికి మీకెంత కాలం పట్టిందో మీకే తెలుసు. వాళ్లు పంపేది మిమ్మల్ని నమ్మి.

ఏమీ రాయనని చెప్పెయ్యడం ఇంకో దారి. అది తప్పని నేననను. మీకు మనసొప్పకపోతే కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. అయితే మీరు తండ్రి స్థానంలో ఉన్న మనిషి. మాట్లాడకుండా తలుపు వేస్తే అతను దాన్ని కూడా ఆమె ఖాతాలోనే వేసుకునే ప్రమాదం ఉంది. "అది కేసు పెట్టబట్టే మాస్టారు కూడా దూరమయ్యాడు" అనుకోవచ్చు. ఆ కోపం ఎటు పోతుందో చెప్పలేం. రాయననేటట్లయితే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇది నీ చేతలకు నా జవాబు, ఆమెకు దీనితో సంబంధం లేదు అని విడమరచి చెప్పండి.

నా మనసు మొగ్గేది మూడోదానికి. ఉన్నది ఉన్నట్టు రాయడం. ఇతను నా దగ్గర ఆట నేర్చుకున్నాడు, భార్యను హింసించిన కేసులో దోషిగా తేలి శిక్ష అనుభవించాడు, మ్యాట్ మీది క్రమశిక్షణ గురించి నేను చెప్పగలను, ఇంటి ప్రవర్తనకు పూచీ ఇవ్వలేను అని. ఆ తర్వాత మీ సూచనలు చేర్చండి. కౌన్సెలింగ్ ఆపకూడదని, మళ్లీ హింస ఫిర్యాదు వస్తే విచారణ తేలేదాకా పక్కన పెట్టాలని, జూనియర్ క్యాంపులకు కోచ్‌గా గానీ అతిథిగా గానీ పంపొద్దని, మనోవర్తి బాకీ ఉంటే జీతంలోంచి ముందు అది కట్టే ఏర్పాటు చెయ్యాలని. ఇలాంటి ఉత్తరం చూసి టీమ్ వెనక్కి తగ్గవచ్చు. తల్లి మిమ్మల్ని శాపనార్థాలు పెట్టవచ్చు. అది భరించగలరేమో చూసుకోండి. తీసుకుంటే మాత్రం కళ్లు తెరిచి తీసుకుంటారు. అతనికి కూడా దాచుకోవాల్సింది ఏమీ ఉండదు.

అసలు ఏది రాయాలో తేల్చుకోవడానికి ముందు అతనితో ఒక పూట కూర్చోండి. అతని అమ్మ, స్నేహితులు లేకుండా. "ఆ రాత్రి ఏం జరిగింది?" అని అడిగి మీరు మాట్లాడకుండా వినండి. "ఆమె చెయ్యి నేను విరగ్గొట్టాను" అంటాడా, "గొడవలో చెయ్యి విరిగింది" అంటాడా? "నా జీవితం పాడైంది" అన్నదాని దగ్గర మొదలుపెడతాడా, ఆమె దగ్గర మొదలుపెడతాడా? కేసు పెట్టినందుకు ఆమెను ఒక్క మాటైనా అంటాడా? బయటికొచ్చిన ఈ ఏడాదిలో ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన పని ఒకటి చెప్పమనండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లాడా, పోనీ వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడా అడగండి. మీరు పదమూడేళ్లప్పటి నుంచి చూసిన పిల్లాడు. ఎప్పుడు తప్పించుకుంటున్నాడో మీకు ఇట్టే తెలిసిపోతుంది.

ఒక పని మాత్రం దయచేసి చెయ్యకండి. ఆమె దగ్గరికి వెళ్లి "నువ్వు సరేనంటే రాస్తానమ్మా" అనొద్దు. అది గౌరవం ఇచ్చినట్టే కనిపిస్తుంది, నిజానికి ఆమె మెడకు మళ్లీ ఒక పంచాయితీ తగిలించడమే. ఆమె పెట్టిన 498ఎ కేసును మన తెలుగు రాష్ట్రాల్లో కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలుండేది. ఆ వీలు పేరు చెప్పి ఎంతమంది ఆమె ఇంటి గడప తొక్కారో మీరే రాశారు. అన్నిసార్లూ నిలబడి కాదన్న మనిషిని ఇప్పుడు క్షమాపణ పత్రం అడగడం అన్యాయం. ఆమె సరేనంటే అతన్ని గెలిపించిన పుణ్యం, కాదంటే అతని అన్నం తీసిన పాపం, రెండూ ఆమె నెత్తినే పడతాయి. ఆమె క్షమించడం క్షమించకపోవడం ఆమె సొంత విషయం. కానీ కాంట్రాక్టు ఖాయమైతే ఆ సంగతి ఫ్లెక్సీ చూసి తెలుసుకునే గతి ఆమెకు పట్టకూడదు. మీ ఆవిడ మీద ఆమెకు నమ్మకం ఉన్నట్టుంది కాబట్టి ఆవిడ చేత ముందే ఒక మాట చెప్పించండి. జవాబేమీ ఆశించకుండా, కబురు మాత్రమే.

చెల్లెలి సంగతికి వస్తాను. ఉత్తరం కన్నా ఇదే తొందర పని. ఆ పిల్లకు మోకాలు నొప్పి కాదని మీకూ తెలుసు. మీరు ఆరోజు ఆమె అబద్ధాన్ని నిలదీయకుండా వదిలేసి మంచి పని చేశారు. ఇప్పుడు రెండో పని చెయ్యాలి. అతను ఆ గ్రౌండ్‌కు రాకూడదు. ప్రాక్టీసు వేళలోనే కాదు, అసలు రాకూడదు. అతన్ని కలవాలంటే మీరే బయట ఎక్కడైనా కలవండి. ఫిట్‌నెస్ కోసం చోటు కావాలంటే పక్క ఊళ్లో చూసుకోమనండి, కాళ్లున్నవాడు, బైకున్నవాడు, అతనికది కష్టం కాదు. ఆ పిల్లకు ఈ ఒక్క గ్రౌండే ఉంది. అతనికి వీలుగా ఆమె టైం మార్చుకోవడం, ఆమె జాగ్రత్తగా తిరగడం లాంటి సర్దుబాట్లకు ఒప్పుకోకండి. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం కూడా ఆడపిల్లలకూ మైనర్లకూ ఆటలో భద్రత ఉండేలా ఒక విధానం కావాలంటోంది. మీ గ్రౌండ్ దాకా అది రావడానికి ఎన్నాళ్లు పడుతుందో గానీ, మీరు దానికోసం ఆగనక్కర్లేదు.

ఈ మాట ఆ పిల్లకు మీ నోటితోనే చెప్పండి. పక్కన మీ ఆవిడో, ఇంకో సీనియర్ అమ్మాయో ఉండేలా చూసుకుని, "అతను ఇక్కడికి రాడు, నేను చెప్పేశాను, నువ్వు ఆట చూసుకో" అంటే చాలు. అక్క గురించి అడగొద్దు, కేసు గురించి అడగొద్దు. అతను గానీ, అతని వాళ్లు గానీ దారిలో ఆపినా, ఫోన్లు చేసినా వెంటనే మీకు చెప్పమనండి. అలాంటిది జరిగితే మీరు సర్ది చెప్పే ప్రయత్నం చెయ్యకుండా 112కు ఫోన్ చెయ్యండి. పద్దెనిమిది నిండని పిల్లలకు 1098 ఉంది. అక్కకు అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181, జిల్లా కేంద్రంలో సఖి సెంటర్ ఉన్నాయి.

తల్లి విషయంలో మీరు కఠినంగా ఉండలేకపోతున్నారని అర్థమైంది. ఆమె తప్పేమీ లేదు, ఉన్న ఒక్క కొడుకు. రోజూ గుమ్మంలో కూర్చోనివ్వకుండా, ఫలానా రోజుకు నా నిర్ణయం చెబుతానని ఒక తేదీ చెప్పండి. ఆ తేదీకి తప్పక చెప్పండి. గడువు తెలియకపోతే ఆమె ఆశ పెంచుకుంటూనే ఉంటుంది.

మూడో దారే ఎంచుకుంటే, ఉత్తరం పంపేముందు తీర్పు నకలు దగ్గర పెట్టుకుని ఒక లాయరుకు చూపించండి. తీర్పులో ఉన్నదానికి మించి అతని గురించి ఒక్క ముక్క రాయొద్దు, ఉన్నదాంట్లో ఒక్క ముక్క తగ్గించొద్దు. ఆమె పేరు, చెల్లెలి పేరు ఎక్కడా రానివ్వకండి. ఒక కాపీ అతనికే ముందు చదివి వినిపించండి. విన్నాక దాన్ని టీమ్‌కు పంపమంటాడో, చింపెయ్యమంటాడో చూడండి. చింపెయ్యమంటే పంపకండి, వేరేదీ రాయకండి.